బొమ్మ తల ఊపింది

చచ్చినవాడికి జనం చప్పట్లు కొట్టడం చాలాసార్లు చూశాను. చస్తున్నవాడికి కొట్టడం మాత్రం ఆ వీడియోలోనే చూశాను.

ఆదివారం మధ్యాహ్నం ఎవరో సందర్శకుడు ఫోన్లో తీశాడు. జాతీయ సైనిక విమాన చరిత్ర మ్యూజియం, మూడో హాలు. గాజు పైకప్పు కింద ఒక పాత యుద్ధవిమానం, దాని పక్కనే జనం ఎక్కి లోపలికి చూడటానికి కట్టిన వేదిక. కాక్‌పిట్ గాజు మూత లోపల హెల్మెట్, కళ్ళకి నల్ల అద్దం, మూతికి మాస్కు పెట్టుకున్న పైలట్ బొమ్మ. ఆ బొమ్మ తల కుడికీ ఎడమకీ ఊపుతోంది. "బొమ్మ కదుల్తోంది! మనకి హలో చెబుతోంది!" అని పిల్లలు అరుస్తున్నారు. ఒకాయన కూతుర్ని ఎత్తుకుని గాజుకి ఆనించాడు. ఆ పాప గాజు మీద ముద్దు పెట్టింది. అందరూ చప్పట్లు కొట్టారు.

అది బొమ్మ కాదు. యుద్ధంలో రెండు శత్రువిమానాల్ని కూల్చిన రిటైర్డ్ వింగ్ కమాండర్. మ్యూజియంలో అందరూ ఆయన్ని సింహం అనేవారు. కూర్చున్నది ఆయన నడిపిన విమానంలోనే. టీలో నిద్రమందు కలిపారు. నోటికి టేపు వేసి, దాని మీద మాస్కు తగిలించారు. ఒంటికి బెల్టులు బిగించారు, మణికట్లకి తీగ చుట్టారు. మెలకువ వచ్చాక ఆ గాజు మూత కింద ఎండకి ఉడికి, ఊపిరాడక పోయాడని డాక్టరు రాశాడు. సాయంత్రం హాలు ఊడ్చే ఆవిడ గాజు లోపలి వైపు పట్టిన ఆవిరి చూసి మూత తెరిపించేదాకా ఎవరికీ అనుమానం రాలేదు. వందల మంది ఆ ఆవిరిని చూసి, ఫోటో దిగి, ఇంటికెళ్ళి భోజనం చేశారు.

కేసు చూస్తున్న ఇన్‌స్పెక్టర్ ఒకప్పుడు నా కింద పనిచేసినవాడే. నేను ఉద్యోగం మానేసి సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్నాక నా కుర్చీ ఆయనకి దక్కింది. యూనిఫామ్ మడత నలగనివ్వడు. బుర్ర కూడా అంతే, ఎప్పుడూ వాడిన గుర్తుండదు. స్టేషన్లో అందరూ ఆయన్ని ఇస్త్రీ అంటారు. మ్యూజియంలో బొమ్మలకి బట్టలు వేసే దర్జీని ఇస్త్రీ అప్పుడే హంతకుడిగా తేల్చేశాడు. నాలుగింటికి టీవీ వాళ్ళు గేటు దగ్గరికి వస్తారట, వాళ్ళ ముందు జీపు ఎక్కిస్తాడట.

దర్జీ అక్క పొద్దున్నే మా ఆఫీసుకొచ్చింది. "మావాడికి సూది గుచ్చుకుంటేనే కళ్ళు తిరుగుతాయమ్మా. వాణ్ణి మీ చేతుల్లో పెడుతున్నాను," అంది. ఇప్పుడు మ్యూజియం క్యాంటీన్‌లో కూర్చుని వచ్చేపోయేవాళ్ళందరికీ ఆ మొదటి ముక్కే చెబుతోంది.

నాలుగు కావడానికి రెండు గంటలుంది. దర్జీ గదిలోకి వెళ్ళాను.

అరల నిండా చెక్క తలకాయలు, వాటికి టోపీలు. మధ్య బల్ల మీద దుప్పటి కింద అసలు బొమ్మ బోర్లా పడి ఉంది, ఒక చెయ్యి విరిగి. దర్జీ స్టూలు మీద ముడుచుకుని కూర్చున్నాడు.

"వారం కిందట సింహం నిన్ను కొట్టాడటగా?"

"మెడల్ రిబ్బన్లు తలకిందులుగా కుట్టాను మేడం. స్కూలు పిల్లలందరి ముందూ చెంప మీద కొట్టాడు."

"కోపం రాలేదా?"

"వచ్చింది. ఇంటికెళ్ళి మా ఆవిడ మీద చూపించాను."

అబద్ధం చెప్పేవాడు ఇంత నీచమైన నిజం చెప్పడు. నాకు వాడి మీద నమ్మకం కుదిరింది, ఇష్టం మాత్రం కుదరలేదు.

"బొమ్మ ఇక్కడుంటే విమానంలో ఎవరున్నారనుకున్నావ్?"

"చెయ్యి విరిగిందని శనివారం సాయంత్రం తెచ్చాను మేడం. ఆదివారం తలుపులు తీసేలోగా అతికించి పెట్టేయాలి. నేనే లేటుగా వచ్చాను. అప్పటికే జనం. సీట్లో బొమ్మ ఉంది. స్టోర్లోంచి రెండోది తెచ్చి పెట్టారు కాబోలు అనుకున్నా. అడిగితే లేటుగా వచ్చిన సంగతి బయటపడుతుందని అడగలేదు." వాడు ముక్కు తుడుచుకున్నాడు. "తల ఊపడం నేనూ చూశాను మేడం. లోపల మోటారు పెట్టించారేమో, ఇక నా ఉద్యోగం పోతుందేమో అని భయమేసింది."

"బొమ్మకి బెల్టులు ఎలా కడతావ్?"

"కట్టను మేడం. పాతవి, లాగితే చిరుగుతాయని డైరెక్టర్ గారు ముట్టుకోనివ్వరు. ఊరికే మీద పరిచి రెండు కుట్లు వేస్తాను."

"పిక్కల దగ్గర తాళ్ళో?"

"ఏం తాళ్ళు?"

శవం ఫోటోలు నా సంచిలో ఉన్నాయి. భుజాల బెల్టులు, నడుం బెల్టులు అన్నీ మధ్య బిళ్ళలో సరిగ్గా బిగించి ఉన్నాయి. పైలట్ ఎగిరి బయటపడేటప్పుడు మోకాళ్ళు విరగకుండా కాళ్ళని సీటుకి లాగిపట్టే తాళ్ళు కూడా పిక్కల చుట్టూ తిప్పి కొక్కేలకి వేసి ఉన్నాయి. బయటి నుంచి చూసేవాళ్ళకి అవి కనిపించను కూడా కనిపించవు. బతికున్న పైలట్లని కట్టడం అలవాటైన చేతులు చేసిన పని అది.

తలుపు దగ్గర ఇస్త్రీ బూట్లు చప్పుడయ్యాయి.

"మేడం గారు వచ్చారని చెప్పారు. కొండని తవ్వుతున్నారా?"

"ఎలుకని నువ్వు పట్టేశావుగా, నేను కొండ చూసిపోదామని వచ్చాను. ఆ బెల్టులు కట్టింది వీడు కాదయ్యా."

"బట్టలు కుట్టేవాడికి బెల్టు కట్టడం రాదా?"

"పిక్కల తాళ్ళ సంగతి వీడికి తెలియనే తెలియదు."

"తెలియదని వాడే చెప్పాడా? పిల్లికి ఎలుక సాక్ష్యం బాగానే ఉంది." ఇస్త్రీ చొక్కా మీద లేని దుమ్ము దులుపుకున్నాడు. "బొమ్మ వీడి గదిలో దొరికింది. చెంపదెబ్బ వీడు తిన్నాడు. నాలుగింటికి వీడు జీపెక్కుతాడు. మీ కాలంలో కేసులు నెలలు నెలలు నానేవి మేడం, మా కాలంలో నానవు."

"అందుకే మీవి ఉడకవు," అన్నాను.

మూడో హాలు సందర్శకులకి మూసేశారు. డైరెక్టర్ చరిత్ర చదువుకున్న మనిషి, చేతులు నలుపుకుంటూ నా వెంట నడిచింది. విమానం నిచ్చెన మొదట్లో పీట వేసుకుని ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. నీలం ఓవరాల్, కుడి చెయ్యి జేబులో.

"మా చీఫ్," అంది డైరెక్టర్. "యుద్ధం అప్పుడు సింహం గారి స్క్వాడ్రన్‌లో క్రూ చీఫ్. విమానాన్ని సిద్ధం చేసి, పైలట్ని సీట్లో కట్టి పంపేది ఆయనే. ఇప్పుడు ఇక్కడి విమానాలన్నీ ఆయనే చూసుకుంటారు. ఆదివారాలు తలుపులు తీయకముందు సింహం గారు వచ్చి ఈ సీట్లో కాసేపు కూర్చునేవారు. నిన్న శవాన్ని దింపింది కూడా ఆయనే. అప్పట్నుంచీ కదల్లేదు."

చీఫ్ నా వైపు తలెత్తాడు. "చూస్తే చూడండి. సీట్లో మాత్రం కూర్చోవద్దు. పాత సామాను."

నిచ్చెన ఎక్కాను. లోపల చెమట, మూత్రం కలిసిన వాసన ఇంకా ఉంది. సీటు ముందు అంచున, తొడల మధ్య, పసుపు నలుపు చారల హ్యాండిల్. దాన్ని పైకి లాగితే సీటు కింద తూటా పేలి, సీటూ మనిషీ కలిసి పైకి ఎగిరిపోతారు. హ్యాండిల్ మీద తీగ ఒరుసుకున్న గీతలున్నాయి. సింహం చేతులు కట్టింది దానికే. చేతులు కదలకుండా కట్టాలంటే సీటుకి కట్టొచ్చు, నడుముకి కట్టొచ్చు. హ్యాండిల్ చేతికిచ్చి మరీ దానికే ఎందుకు కట్టారు? అది చెప్పులో రాయిలా గుచ్చుకుంటూనే ఉంది.

హ్యాండిల్ పక్కన ఒక చిన్న రంధ్రం ఖాళీగా ఉంది. హాలు గుమ్మం దగ్గర పెట్టిన పెద్ద ఫోటోలో ఇదే చోట ఎర్ర రిబ్బను వేలాడుతూ ఉంది.

"ఇక్కడేదో ఉండాలి కదా?"

డైరెక్టర్ తొంగి చూసింది. "అయ్యో, సీటు పిన్ను! అది ఉంటే హ్యాండిల్ కదలదు. బయల్దేరే ముందు క్రూ చీఫ్ దాన్ని తీసి, పైలట్‌కి చూపించి, తన జేబులో వేసుకునేవారట. పైలట్ తిరిగొచ్చాకే మళ్ళీ పెట్టడం. పిన్ను జేబులో ఉన్నంతసేపూ మనిషి ఇంటికి రానట్టే లెక్క. మా గైడ్లు పిల్లలకి ఈ కథ చెబితే భలే వింటారు."

"పిన్ను లేకపోతే ప్రమాదం కాదా?"

"తూటా ఉంటేగా! ఈ విమానం ఇక్కడికొచ్చిన రోజే చీఫ్ తీసేశారు."

కిందికి దిగి చీఫ్ ముందు నిలబడ్డాను. "ఆదివారం పొద్దున్న మీరూ సింహమూ టీ తాగారా?"

"రోజూ తాగుతాం. ఆ రోజు తాగలేదు. తలనొప్పని ఇంటికెళ్ళిపోయాడు."

"ఎవరితో చెప్పాడు?"

"నాతో."

"ఇంకెవరు విన్నారు?"

"ఇద్దరు మాట్లాడుకుంటే మూడోవాడెందుకు వింటాడమ్మా?"

"ఆ జేబులో ఏముంది?"

"నా చెయ్యి," అన్నాడు చీఫ్.

నాకు అర్థమైపోయింది. వీరుడు ఆదివారాలు తన పాత విమానంలో కూర్చుని ముచ్చట తీర్చుకుంటాడు. పాత క్రూ చీఫ్ పాత పద్ధతిలోనే బెల్టులు బిగిస్తాడు. ఆ వరసలో, చేతులకి పట్టేసిన అలవాటు కొద్దీ పిన్ను తీసి జేబులో వేసుకుంటాడు. సింహం తిరిగి రాలేదు గనక అది ఇంకా ఆ జేబులోనే ఉంటుంది. కానీ నా మాట మీద ఇస్త్రీ ఆ జేబు వెతకడు. వెతికినా, "కింద దొరికింది, తీసి దాచాను" అంటే అక్కడితో సరి. జేబు దానంతటదే తెరుచుకోవాలి.

మూడున్నరకి ఇస్త్రీ దర్జీని తీసుకొచ్చాడు. హత్య ఎలా జరిగిందో వీడియో తీయించుకోవాలట. ఒక కానిస్టేబుల్‌ని సింహంలా కూర్చోబెట్టి, దర్జీ చేత కట్టిస్తాడట.

"నువ్వు చెప్పిందే నిజం కావచ్చు," అన్నాను ఇస్త్రీతో, వీలైనంత తియ్యగా. "కానీ దర్జీనే కూర్చోబెట్టు. ఆ హ్యాండిల్ దగ్గర చేతులు ఎలా ఉన్నాయో ముందు తేలాలి. కోర్టులో అదే అడుగుతారు."

ఇస్త్రీకి కోర్టు అంటే భయం. ఒప్పుకున్నాడు.

దర్జీ ఏడుస్తూ నిచ్చెనెక్కాడు. సింహం చచ్చిన సీట్లో, ఆ వాసనలో, ముక్కు మూసుకుని కూర్చున్నాడు. చీఫ్ పీట మీంచి లేచాడు.

"సీట్లో కూర్చోవద్దన్నాను."

"నీ పని నువ్వు చూసుకో పెద్దాయనా," అన్నాడు ఇస్త్రీ నిచ్చెన మీంచి.

నేను చీఫ్ కుడి మోచేతినే చూస్తున్నాను. "హ్యాండిల్ పట్టుకో," అని అరిచాను దర్జీతో.

"వద్దు మేడం, నాకు భయంగా ఉంది."

"మీ అక్క నిన్ను నా చేతుల్లో పెట్టిందా లేదా? రెండు చేతులా పట్టుకో. గట్టిగా పైకి లాగు!"

దర్జీ కళ్ళు మూసుకుని పట్టుకున్నాడు.

డెబ్బై దాటిన మనిషి అంత వేగంగా నిచ్చెన ఎక్కగలడని నేను అనుకోలేదు. చీఫ్ భుజం తగిలి ఇస్త్రీ వేదిక మీద వెల్లకిలా పడ్డాడు. చీఫ్ దర్జీ వేళ్ళ మీద పిడికిలితో కొట్టి, హ్యాండిల్‌ని ఒక చేత్తో కిందికి అదిమి, రెండో చేత్తో పిన్ను గుచ్చాడు. ఎర్ర రిబ్బను కిందికి వేలాడింది.

గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నాడు. నాకు గర్వంగానే ఉంది, దాచను.

"ఆ పిన్ను మీ జేబులో ఎందుకుంది చీఫ్?"

చీఫ్ అక్కణ్ణుంచే నన్ను చూశాడు. భయం లేదు ఆ చూపులో. అసహ్యం ఉంది.

"నువ్వు మనిషివేనా? లాగమంటావా?"

"తూటా లేని సీటే కదా."

"లేదని ఎవరు చెప్పారు?"

"మీరు తీసేశారట..."

అంటుండగానే నాకు తట్టింది. తీసేశానని చెప్పింది ఆయనే. నేను నమ్మింది హంతకుడి మాట.

"తీయలేదు," అన్నాడు చీఫ్. "ఉంది. పని చేస్తుందో లేదో నాకూ తెలీదు. వాడు లాగి ఉంటే తెలిసేది."

కానిస్టేబుల్, డైరెక్టర్ కలిసి దర్జీని దింపారు. వాడి ప్యాంటు తడిసిపోయింది. నన్ను చూసి, "మేడం, అందులో తూటా ఉందని మీకు తెలీదు కదా?" అన్నాడు. తెలీదంటే నేను మూర్ఖురాలిని, తెలుసంటే రాక్షసిని.

"ఆయన ఆపుతాడని తెలుసు," అన్నాను. అది పూర్తి నిజం కాదు. వీడి అక్క క్యాంటీన్‌లో కూర్చుని ఉంది. నాకు ఒళ్ళంతా సిగ్గేసింది. ఆ సిగ్గు కోపంగా మారడానికి ఎంతోసేపు పట్టలేదు, అది ఎప్పుడూ నా అలవాటే.

చీఫ్ వేదిక మెట్టు మీద కూర్చున్నాడు. ఇస్త్రీ నలిగిన చొక్కాతో పక్కన నిలబడ్డాడు, సంకెళ్ళు ఎక్కడ పెట్టాడో గుర్తురాక జేబులు తడుముకుంటూ. ఎవరూ అడగకుండానే ముసలాయన చెప్పడం మొదలుపెట్టాడు.

"యుద్ధం మూడో వారానికి తూటాలు అయిపోయాయి. ఈయన సీట్లోది పాడైంది, కొత్తది లేదు. ఈయన విమానం వెన్నంటే రెండో విమానంలో, నంబర్ టూగా, ఒక కుర్రాడు ఎగిరేవాడు. నన్ను బాబాయ్ అనేవాడు, అధికారి అయ్యుండి కూడా. 'వాడి సీట్లోది తీసి నా సీట్లో పెట్టు, వాడికి చెప్పకు' అన్నాడు ఈయన. పెట్టాను. ఆర్డరు. ఆ కుర్రాణ్ణి నేనే కట్టాను. పిన్ను తీసి చూపించాను. 'వస్తా బాబాయ్' అన్నాడు."

ఎడమ జేబులోంచి ఇంకో పిన్ను తీశాడు. దాని రిబ్బను ఒకప్పుడు ఎర్రదే కావచ్చు.

"రేడియోలో విన్నాం. 'లాగుతున్నాను, రావట్లేదు, లాగుతున్నాను' అంటూనే ఉన్నాడు, మంటలు అంటుకునేదాకా. ఈయన తిరిగొచ్చాడు. ఆ దెబ్బలకి ఈ విమానం మళ్ళీ ఎగరలేదు, తిన్నగా ఇక్కడికే తెచ్చారు. ఇందులో ఉంది ఆ కుర్రాడి తూటా. ఎలా తీస్తాను?"

"ఇన్నేళ్ళూ ఊరుకుని ఇప్పుడెందుకు?" అన్నాను.

"శనివారం స్కూలు పిల్లలకి కథ చెప్పాడు. 'నా నంబర్ టూ పిరికివాడు, భయంతో చేతులు బిగుసుకుపోయి హ్యాండిల్ లాగలేకపోయాడు' అని." చీఫ్ సీటు వైపు వేలు చూపించాడు. "అందుకే హ్యాండిల్ చేతికిచ్చాను. మూత వేసే ముందు మెలకువ రానిచ్చి, చెవిలో చెప్పాను, తూటా ఉంది, లాగు అని. పైన కప్పు ఉంది, తల పగిలి ఒక్క క్షణంలో పోయేవాడు. సుఖంగా. లాగలేదు. వాడే పిరికివాడు. మధ్యాహ్నం దాకా ఉడికి చచ్చాడు కానీ లాగలేదు. తిరిగి రానివాడి పిన్ను పెట్టం, అందుకే ఇక్కడ కాపలా కూర్చున్నాను. అంతే."

ఆ "అంతే"లో తృప్తి ఉంది. నాకది నచ్చలేదు. అబద్ధాలకోరు చచ్చాడు, నిజం చెప్పేవాడు చంపాడు, నేను వేరే ఒకణ్ణి చంపబోయాను. అందరిలోకీ ఈయనొక్కడే తృప్తిగా జైలుకి పోతాడా?

"సీటు పేలితే మంట ఎటు వస్తుంది చీఫ్?" అడిగాను.

"నలువైపులా. మూత ముక్కలైపోతుంది. పక్కనున్నవాడెవడూ..."

ఆగిపోయాడు. తను కూర్చున్న వేదిక వైపు చూశాడు.

ఫోన్ తీసి వీడియో పెట్టి ఆయన చేతిలో ఉంచాను. పొద్దుట్నుంచీ ఎన్నోసార్లు చూశాను దాన్ని. అయినా ఇప్పుడు ఆయన భుజం మీంచి చూస్తేనే నాకు కనిపించింది. మొదట్లో సింహం తల ఊపడం లేదు. భుజాలు పైకి లేస్తున్నాయి, మోచేతులు బిగుస్తున్నాయి. లాగబోతున్నాడు. అప్పుడే పిల్లలు వేదిక ఎక్కారు. భుజాలు దిగిపోయాయి. ఆ తర్వాతే తల కుడికీ ఎడమకీ, కుడికీ ఎడమకీ. హలో కాదు అది. వద్దు, పొండి, దూరంగా పొండి.

"బొమ్మ కదుల్తోంది!" అని ఫోన్లో అరుపులు. పాప గాజు మీద ముద్దు పెట్టింది. లోపలి తల ఇంకా గట్టిగా, ఇంకా వేగంగా ఊగింది. జనం చప్పట్లు కొడుతూ ఇంకా దగ్గరికి జరిగారు.

చీఫ్ చేతిలోంచి పాత పిన్ను జారి మెట్ల మీద పడింది.

"ఆపు తల్లీ," అన్నాడు.

నేను మళ్ళీ మొదట్నుంచి పెట్టాను.